ఇంటి గ్యారేజీలో విమానం: రేకుకు ఒక చిల్లు వేయడంలో ఇంత లెక్క ఉందా?

అమెరికాలో టీచర్లు, మెకానిక్‌లు, రిటైరైన ఉద్యోగులు తమ ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానం కట్టుకుంటారు. బొమ్మ విమానం కాదు, ఇద్దరో నలుగురో కూర్చుని నిజంగా ఎగిరే విమానం. కంపెనీ నుంచి విడిభాగాల కిట్ వస్తుంది. దాన్ని సాయంత్రాలు, సెలవు రోజుల్లో కూర్చుని బిగిస్తారు. ఈ పనిలో ఎక్కువ సమయం తినేది ఇంజనూ కాదు, కరెంటు వైర్లూ కాదు. అల్యూమినియం రేకులకు చిల్లులు వేయడం, వాటిని లోపలి చట్రానికి రివిట్లతో బిగించడం. ఒక చిన్న రెండు సీట్ల విమానంలోనే పది వేలకు పైగా రివిట్లు ఉంటాయి.

"రేకుకు చిల్లు వేయడమే కదా, మన గల్లీలో బీరువాలు చేసే మేస్త్రీ కూడా వేస్తాడు" అని మీకు అనిపించవచ్చు. నిజమే, చేతి పని చాలావరకు అదే. తేడా ఎక్కడంటే, బీరువా రేకు వదులైతే చప్పుడు చేస్తుంది. విమానం రేకు వదులైతే ప్రాణాలు పోతాయి. ఈ పని ఎలా చేస్తారు, ఎందుకంత జాగ్రత్త, పొరపాటు జరిగితే ఏమవుతుంది, మన హైదరాబాద్‌తో దీనికి ఏం సంబంధం? ఒక్కొక్కటిగా చూద్దాం.

రేకు పైకప్పు కాదు, ఎముక కూడా

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. పాతకాలపు విమానాల్లో బరువు మోసేది ఎక్కువగా లోపలి ఫ్రేమ్. చెక్క చట్రం, దాని మీద గుడ్డ. ఆధునిక లోహ విమానంలో మాత్రం పైన కనిపించే రేకే బరువులో పెద్ద భాగం మోస్తుంది. ఇంజనీర్లు దీన్ని 'స్ట్రెస్డ్ స్కిన్' అంటారు. స్కిన్ అంటే చర్మం, అంటే పై రేకు.

ఇంట్లోనే పరీక్ష చేసి చూడండి. చెప్పుల డబ్బా తీసుకుని మూత తీసేసి రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పండి. సులభంగా వంకర పోతుంది. ఇప్పుడు మూత పెట్టి చుట్టూ టేపు గట్టిగా అంటించి మళ్లీ తిప్పండి. అదే అట్ట, అదే బరువు, కానీ డబ్బా కదలదు. విమానం రెక్క కూడా ఇలాంటి డబ్బానే. లోపల పొడవుగా వెళ్లే దూలాన్ని 'స్పార్' అంటారు, అడ్డంగా ఉండే పక్కటెముకల్లాంటి వాటిని 'రిబ్' అంటారు. పైన, కింద రేకు మూత. టేపు పని చేసేవి రివిట్లు. టేపు ఒక చోట ఊడితే డబ్బా ఎంత బలహీనమవుతుందో, రివిట్ల వరుస వదులైతే రెక్క కూడా అంతే.

ఈ రేకు మందం వింటే ఆశ్చర్యం వేస్తుంది. చిన్న విమానాల్లో ఎక్కువ చోట్ల అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. వాడేది వంటింటి గిన్నెల అల్యూమినియం కాదు. చాలా కిట్లలో 2024-టీ3 అనే మిశ్రమ లోహం వాడతారు. అల్యూమినియంలో రాగి కలిపి, వేడి చేసి గట్టిపరిచిన రకం ఇది. రాగి వల్ల బలం వస్తుంది కానీ తుప్పు భయం పెరుగుతుంది. అందుకే రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొర పూస్తారు. ఆ పొర ఉన్న రేకును 'ఆల్‌క్లాడ్' అంటారు. కొన్ని కంపెనీలు 6061-టీ6 అనే ఇంకో రకం వాడతాయి.

రేకు మీద గీత గీయడంలో కూడా నియమం ఉంది. మన కార్ఖానాల్లో గీతలు గీసే మొనదేలిన ఇనుప సూది ఇక్కడ పనికిరాదు. ఆ గీత దగ్గరే రేపు పగులు మొదలవుతుంది. పెన్సిల్ కూడా వద్దు. అందులోని గ్రాఫైట్ తేమతో కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తుంది. మార్కర్ పెన్నుతోనే గుర్తులు పెడతారు.

చిల్లు ఎలా వేస్తారు?

విమానం పనిలో రెండు సైజుల రివిట్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి 2.4 మిల్లీమీటర్లది, ఇంకోటి 3.2 మిల్లీమీటర్లది. మొదటిదానికి 40 నంబరు డ్రిల్ బిట్టు, రెండోదానికి 30 నంబరు బిట్టు వాడతారు. 40 నంబరు బిట్టు దాదాపు 2.5 మిల్లీమీటర్ల చిల్లు వేస్తుంది. అంటే రివిట్‌కూ చిల్లుకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే.

పాత కిట్లలో రేకు మీద చిన్న చిల్లులు, అంటే పైలట్ హోల్స్, ముందే ఉండేవి. రేకును చట్రం మీద సరిగ్గా కూర్చోబెట్టి, రేకునూ రిబ్బునూ కలిపి ఒకేసారి అసలు సైజుకు డ్రిల్ చేయాలి. దీన్ని 'మ్యాచ్ డ్రిల్లింగ్' అంటారు. రెంటినీ విడివిడిగా డ్రిల్ చేసి తర్వాత కలుపుదామంటే చిల్లులు వెంట్రుకవాసి తేడాతో కలవకుండా పోతాయి. ఇప్పటి కొత్త కిట్లలో కొన్నిటికి కంప్యూటర్ యంత్రాలతో అసలు సైజు చిల్లులే పంచ్ చేసి వస్తున్నాయి. పని చాలా తగ్గింది. అయినా డ్రిల్ పూర్తిగా మాయం కాలేదు.

డ్రిల్ చేసేటప్పుడు రేకు కదలకుండా పట్టుకోవడానికి 'క్లీకో' అనే చిన్న స్ప్రింగు పరికరం ఉంటుంది. చిల్లులో దూర్చి వదిలితే రెండు రేకులనూ గట్టిగా కలిపి పట్టుకుంటుంది. తీయాలంటే ప్రత్యేకమైన పట్టకారు ఉంటుంది. రంగును బట్టి సైజు తెలుస్తుంది. వెండి రంగుది 2.4 మిల్లీమీటర్ల రివిట్ చిల్లుకు, రాగి రంగుది 3.2 మిల్లీమీటర్ల దానికి. టైలరు బట్ట కుట్టే ముందు గుండు సూదులు గుచ్చి పెట్టుకుంటాడు కదా, క్లీకోల పని అదే. ఒక రెక్క పని నడిచేటప్పుడు వందల క్లీకోలు దాని మీద ముళ్లలా నిలబడి ఉంటాయి.

డ్రిల్ ఎక్కడ మొదలుపెట్టాలి అనేదీ ముఖ్యమే. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా వెళ్తే రేకు కొద్దికొద్దిగా జరుగుతూ చివరికి ఒక చోట ఉబ్బు వస్తుంది. వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా 'టప్ టప్' మంటుంది. అందుకే మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్తారు. గోడకు పోస్టరు అంటించేటప్పుడు మధ్య నుంచి అంచులకు చేత్తో రుద్దుతాం కదా, అదే సూత్రం.

డ్రిల్ నిటారుగా ఉండాలి. కొంచెం వాలినా చిల్లు గుండ్రంగా రాదు, కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. అల్యూమినియానికి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ ఉండాలి. అందుకే చాలామంది గాలి ఒత్తిడితో తిరిగే డ్రిల్ వాడతారు. బిట్టు మొండిబారితే లోహం తెగదు, చిరుగుతుంది. కొత్త బిట్టు ఖరీదు కొన్ని డాలర్లు, పాడైన రెక్క రేకు ఖరీదు వందల డాలర్లు. ఇక్కడ పిసినారితనం చేసేవాడు నష్టపోతాడు.

చిల్లు అంచుకు ఎంత దూరంలో ఉండాలన్నదానికి ఒక కట్టుబాటు ఉంది. చిల్లు మధ్య నుంచి రేకు అంచు వరకు కనీసం రివిట్ మందానికి రెండింతలు ఉండాలి. 3.2 మిల్లీమీటర్ల రివిట్ అయితే 6.4 మిల్లీమీటర్లు. ఇంతకన్నా దగ్గరగా వేస్తే బరువు పడినప్పుడు రివిట్ రేకును చీల్చుకుని బయటికి వచ్చేస్తుంది. నోట్‌బుక్ కాగితానికి అంచున పంచ్ చేస్తే ఫైలులో నుంచి చిరిగిపోయినట్టు.

డ్రిల్ అయ్యాక మళ్లీ మొత్తం విప్పాలి

కొత్తవాళ్లకు ఇదే విసుగు పుట్టించే ఘట్టం. అన్ని చిల్లులూ వేశాక రివిట్లు కొట్టేయరు. క్లీకోలన్నీ తీసి, రేకులన్నీ విప్పి, మళ్లీ పక్కన పెడతారు. ఎందుకంటే డ్రిల్ చేసినప్పుడు చిల్లు అంచున లోహపు గరుకు లేస్తుంది. దాన్ని మన మెకానిక్‌లు 'బర్ర్' అంటారు. రెండు రేకుల మధ్య బర్ర్ ఉంటే అవి ఒకదానికొకటి పూర్తిగా ఆనవు. ఆ సందులోకి తేమ పోతుంది, రివిట్ మధ్యలోనే ఉబ్బుతుంది, పట్టు పోతుంది.

బర్ర్ తీయడానికి కోణంగా ఉన్న చిన్న కట్టర్‌ను చేత్తో రెండు మూడు సార్లు మెల్లగా తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే చిల్లు అంచు పలుచనై కత్తిలా తయారవుతుంది. అదీ ప్రమాదమే. ప్రతి చిల్లుకు రెండు వైపులా చేయాలి. పది వేల చిల్లులంటే ఇరవై వేల సార్లు. రేకుల అంచులను కూడా ఆకురాయితో, తర్వాత సన్నని ఎమెరీ కాగితంతో నున్నగా చేస్తారు. వేలు పెట్టి రాస్తే గీసుకోకూడదు.

తర్వాత 'డింపుల్'. విమానం బయటి వైపు రివిట్ తలలు పైకి పొడుచుకుని ఉంటే గాలికి అడ్డం. అందుకని చాలా కిట్లలో రేకుతో సమానంగా కూర్చునే చదును తల రివిట్లు వాడతారు. ఆ తల గరాటులా 100 డిగ్రీల కోణంలో ఉంటుంది. అది కూర్చోవడానికి రేకులోనూ గుంట కావాలి. రేకు మందంగా ఉంటే, అంటే కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉంటే, 2.4 మిల్లీమీటర్ల రివిట్‌కు కట్టర్‌తో చెక్కవచ్చు. దీన్ని కౌంటర్‌సింక్ అంటారు. అంతకన్నా పలుచన అయితే చెక్కకూడదు. ఆడ, మగ అచ్చుల మధ్య పెట్టి నొక్కి గుంట చేయాలి. అదే డింపుల్. చెక్కడంలో లోహం పోతుంది. నొక్కడంలో లోహం అలాగే ఉండి వంగుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఆ తర్వాత లోపలి వైపు తుప్పు పట్టకుండా ప్రైమర్, మళ్లీ క్లీకోలు, అప్పుడు రివిట్లు.

రివిట్ కొట్టేది ఇద్దరు

విమానం రివిట్ అంటే ఒక చివర తల ఉన్న మెత్తటి అల్యూమినియం మేకు. బయటి వైపు తల మీద గాలి తుపాకీతో 'టట టట' మని కొడతారు. లోపలి వైపు ఇంకొకరు బరువైన ఇనుప దిమ్మెను తోకకు ఆనించి పట్టుకుంటారు. ఆ దెబ్బలకు తోక నలిగి వెడల్పవుతుంది, మధ్య భాగం ఉబ్బి చిల్లును పూర్తిగా నింపేస్తుంది. అందుకే ముందు చెప్పిన మిల్లీమీటరులో పదో వంతు అంత ముఖ్యం. చిల్లు పెద్దదైతే రివిట్ దాన్ని నింపలేదు.

రివిట్ ఎంత పొడవుండాలో ఒక చిన్న లెక్క. రేకుల మొత్తం మందానికి రివిట్ మందంలో ఒకటిన్నర వంతు కలపాలి. 0.8 మిల్లీమీటర్ల రేకులు రెండు అనుకోండి, 1.6. రివిట్ 2.4 అయితే దానికి ఒకటిన్నర రెట్లు 3.6. మొత్తం 5.2 మిల్లీమీటర్లు. కొట్టాక నలిగిన తోక వెడల్పు రివిట్ మందానికి ఒకటిన్నర రెట్లు (3.6), ఎత్తు సగం (1.2) ఉండాలి. చిన్న గేజీతో కొలిచి చూస్తారు.

చాలా ఇళ్లలో ఈ పని భార్యాభర్తలు కలిసి చేస్తారు, లేదా తండ్రీ బిడ్డలు. రెక్క లోపలికి చెయ్యి దూరాలంటే చిన్న చేతులే మేలు. ఒకరినొకరు చూసుకోలేరు, మధ్యలో రేకు అడ్డం. చప్పుడుకు చెవులకు రక్షణ పెట్టుకోవాలి కాబట్టి మాటా సరిగా వినపడదు. అందుకని ముందే సంకేతాలు అనుకుంటారు. దిమ్మె సరిగ్గా ఆనకముందే తుపాకీ నొక్కితే రేకు సొట్ట పోతుంది. అంచులకు దగ్గరగా ఉన్న రివిట్లను తుపాకీ లేకుండా 'స్క్వీజర్' అనే పట్టకారుతో ఒక్కరే నొక్కవచ్చు.

ఇంత కష్టం వద్దనుకునేవాళ్లకు ఒక వైపు నుంచే లాగి బిగించే రివిట్లతో తయారైన కిట్లూ ఉన్నాయి. మన దగ్గర పాప్ రివిట్ అంటారు. అమెరికాలో వాన్స్ కంపెనీ ఆర్‌వీ-12, దక్షిణాఫ్రికా స్లింగ్ విమానాలు ఎక్కువగా ఇలాంటివే. అయితే ఇవి విమానం కోసమే తయారైన రకం. హార్డ్‌వేర్ షాపులో దొరికేవి కాదు.

రివిట్ వంకరపోతే తీసేయవచ్చు. తల మధ్యలో సరిగ్గా తల లోతు వరకే డ్రిల్ చేసి, తల విరిచి, మిగతాది సన్నని పంచ్‌తో నెట్టాలి. ఇక్కడ తొందరపడితే చిల్లు ఎనిమిది అంకె ఆకారంలో పాడైపోతుంది. అందుకే అనుభవం ఉన్న ఉస్తాద్‌లు చెప్పేది ఒకటే. కొద్దిగా లోపమున్న రివిట్‌ను మార్చబోయి మంచి చిల్లును పాడుచేసుకోవద్దు, ముందు కొలత నియమాల్లో ఉందో లేదో చూడు.

చిల్లు చెడితే ఏమైంది: రెండు ప్రమాదాలు

ఇంత పట్టింపు అవసరమా అనుకునేవారికి పెద్ద విమానాల చరిత్రే జవాబు.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 దాదాపు 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగం పైకప్పు రేకు సుమారు 18 అడుగుల పొడవున ఊడిపోయింది. ప్రయాణికులు ఆకాశం కింద కూర్చున్నారు. ఒక ఎయిర్‌హోస్టెస్ గాలికి కొట్టుకుపోయి చనిపోయింది. పైలట్లు విమానాన్ని దించగలిగారు. విచారణలో తేలింది ఏమిటంటే, రేకుల అతుకు దగ్గర అంటించిన జిగురు వదిలి బరువంతా రివిట్ల మీద పడింది. అక్కడ దాదాపు 0.9 మిల్లీమీటర్ల రేకును రివిట్ తల కోసం పూర్తి మందం వరకూ చెక్కారు. చిల్లు అంచు కత్తి అంచులా పలుచనైంది. ఆ విమానం 89 వేలకు పైగా సార్లు ఎగిరి దిగింది. ప్రతిసారీ గాలి నింపడం, తీయడం. ఆ కత్తి అంచుల దగ్గర చిన్న చిన్న పగుళ్లు మొదలై, ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు కలిసిపోయాయి. పలుచని రేకును చెక్కవద్దు, నొక్కు అన్న నియమం వెనుక భయం ఇదే.

రెండోది ఇంకా విషాదం. 1978లో జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 దిగేటప్పుడు తోక నేలకు తగిలింది. వెనుక వైపు గాలి ఒత్తిడిని ఆపే గోడను రిపేరు చేశారు. అక్కడ అతుకు రేకు ఒకే ముక్కగా ఉండి రెండు వరుసల రివిట్లు బరువు మోయాలి. దాన్ని రెండు ముక్కలుగా వేయడంతో ఒక్క వరుస మీదే బరువు పడింది. బయటికి అంతా బాగానే కనిపించింది. ఏడేళ్లు విమానం ఎగిరింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలింది. 524 మందిలో 520 మంది చనిపోయారు.

ఇంట్లో కట్టే చిన్న విమానాల్లో మామూలుగా గాలి ఒత్తిడి నింపరు, కాబట్టి ఇదే ప్రమాదం యథాతథంగా రాదు. కానీ లోహం స్వభావం మాత్రం మారదు. పగులు మొదలయ్యేది దాదాపు ఎప్పుడూ ఏదో ఒక అంచు దగ్గరో, గీత దగ్గరో, చిల్లు దగ్గరో.

ఒక చిల్లు కంపెనీని కోర్టుకు ఈడ్చింది

ఇప్పుడు డబ్బు విషయం. నేను చదివింది కామర్స్ కాబట్టి ఈ కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇదే.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఉంది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో పెట్టారు. ప్రపంచంలో ఇంట్లో కట్టుకునే లోహ విమానాల కిట్లలో పెద్ద పేరు. వేలాది ఆర్‌వీ విమానాలు ఎగురుతున్నాయి. కరోనా సమయంలో జనం ఇళ్లలో ఉండిపోవడంతో ఆర్డర్లు విపరీతంగా పెరిగాయి. పంచ్ యంత్రాలు సరిపోక కొన్ని భాగాలను లేజర్‌తో కోయించారు.

లేజర్ గుండ్రంగా కోసేటప్పుడు మొదలైన చోటే ముగియాలి. ఆ కలిసే చోట కొన్ని చిల్లుల్లో కంటికి సరిగా ఆనని చిన్న నొక్కు మిగిలింది. కస్టమర్లు ఆ చిల్లులను డింపుల్ చేస్తే, అంటే లోహాన్ని వంచి సాగదీస్తే, సరిగ్గా ఆ నొక్కు దగ్గర పగుళ్లు కనిపించాయి. 2023లో విషయం బయటపడింది. ఏ భాగాలు వాడవచ్చు, ఏవి మార్చాలి అని కంపెనీ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరు అప్పటికే రెక్కలు మూసేశారు. నెలల తరబడి చేసిన పని విప్పాలా వద్దా అన్నది వాళ్ల సమస్య.

కొత్త భాగాల ఖర్చు, పాత ధరలకు తీసుకున్న ఆర్డర్లు, పెరిగిన రవాణా ఖర్చులు అన్నీ కలిసి కంపెనీ నగదు ఎండిపోయింది. 2023 డిసెంబరులో చాప్టర్ 11 కింద కోర్టుకు వెళ్లింది. చాప్టర్ 11 అంటే దుకాణం మూసేయడం కాదు. అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణతో వ్యాపారం నడుపుతూ హిసాబ్ సరిచేసుకోవడం. అడ్వాన్సు కట్టిన కస్టమర్లను పెరిగిన ధర ఒప్పుకోమని అడిగారు. స్థాపకుడు సొంత డబ్బు అప్పుగా పెట్టారు. 2024లో కంపెనీ ఆ దశ నుంచి బయటపడి కిట్లు అమ్ముతూనే ఉంది.

ఇందులో కొనేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఇలాంటి కిట్లు ఒకేసారి మొత్తం కొనక్కర్లేదు. తోక భాగం ముందు, తర్వాత రెక్కలు, తర్వాత నడుం భాగం, చివర ఇంజను, మీటర్లు. తోక కిట్‌తో చెయ్యి కుదిరితేనే ముందుకు వెళ్తారు. కుదరకపోతే నష్టం తోక వరకే. ఇంజనుతో కలిపి మొత్తం ఖర్చు లక్ష డాలర్లు దాటడం మామూలే కాబట్టి ఈ పద్ధతి తెలివైనదే. అడ్వాన్సు కట్టేటప్పుడు ధర స్థిరమా, మారుతుందా అని కాగితం చదవడం ఇల్లు బుక్ చేసుకునేవారికి ఎంత ముఖ్యమో వీళ్లకూ అంతే.

తనిఖీ ఎవరు చేస్తారు?

ఇంట్లో కట్టారు కదా అని ఎవరిష్టం వాళ్లది కాదు. అమెరికాలో విమానయాన శాఖ నిబంధన ప్రకారం పనిలో సగానికి పైగా కట్టేవాళ్లే, చదువు కోసమో సరదా కోసమో చేసి ఉండాలి. దీన్నే వాడుకలో '51 శాతం రూల్' అంటారు. పూర్తయ్యాక తనిఖీ జరుగుతుంది, ఆ తర్వాత కూడా మొదట కొన్ని పదుల గంటలు నిర్ణయించిన ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. ఏడాదికోసారి పూర్తి తనిఖీ తప్పనిసరి.

1953లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంఘంలో అనుభవం ఉన్న సభ్యులు కొత్తవాళ్ల గ్యారేజీకి వచ్చి పని చూసి చెబుతారు. రెక్క మూసేయక ముందే పిలవాలి. మూసేశాక లోపలి రివిట్లు ఎవరికీ కనిపించవు. ఎగరడం మొదలయ్యాక కూడా గుర్తులుంటాయి. రివిట్ చుట్టూ నల్లని మసి తోకలా కనిపిస్తే అది వదులై, రాసుకుని అల్యూమినియం పొడి రాలుతోందని అర్థం. దాన్ని 'పొగ వదిలే రివిట్' అంటారు.

మన దేశం, మన హైదరాబాద్

మన దేశంలో ఈ దారి ఇంకా ఇరుకు. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. డీజీసీఏ రిజిస్ట్రేషన్ దొరికింది 2017లో. లండన్ దగ్గర ఉంటున్న ఒక కేరళ ఇంజనీర్ లాక్‌డౌన్‌లో స్లింగ్ కిట్ తెప్పించి నాలుగు సీట్ల విమానం కట్టి, కూతురి పేరు పెట్టి, కుటుంబంతో యూరప్ తిరిగిన వార్త 2022లో మన పత్రికల్లో కూడా వచ్చింది.

హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో మాత్రం ఇదే రేకు, రివిట్ పని పెద్ద ఎత్తున నడుస్తోంది. అక్కడి టాటా బోయింగ్ ప్లాంటులో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, 737 విమానాల తోక రెక్కల భాగాలు తయారవుతాయి. టాటా లాక్‌హీడ్ మార్టిన్ ప్లాంటులో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు చేస్తారు. గ్యారేజీలో ఒక కుటుంబం చేసేదీ, అక్కడ ఫిట్టర్లు చేసేదీ మౌలికంగా ఒకే పని. డ్రిల్, బర్ర్ తీయడం, కౌంటర్‌సింక్, రివిట్, కొలత, సంతకం. తేడా యంత్రాల్లో, కాగితాల్లో ఉంటుంది.

మన ఇళ్లలో డెంటింగ్, ఫ్యాబ్రికేషన్, ఏసీ డక్టుల పని చేసే కారీగర్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లలు ఐటీఐలో ఫిట్టర్ లేదా షీట్ మెటల్ ట్రేడ్ చదువుతుంటే ఈ రంగం గురించి తెలుసుకోవడం మంచిది. చేతికి రేకు అలవాటు ముందే ఉంటుంది. కొత్తగా నేర్చుకోవాల్సింది కొలత, ఓపిక, తప్పును దాచకుండా చెప్పే అలవాటు. ఈ పరిశ్రమలో పాడైన చిల్లును పెయింటు కింద దాచేవాడికన్నా, "ఇది చెడింది" అని సూపర్‌వైజర్‌ను పిలిచేవాడికే విలువ.

ప్రాక్టీసు ఖరీదైనదేమీ కాదు. రెండు చిన్న అల్యూమినియం పట్టీలు తీసుకోండి. అంచు నుంచి లెక్క ప్రకారం దూరం కొలిచి మార్కర్‌తో పది గుర్తులు పెట్టండి. కళ్లకు అద్దాలు పెట్టుకుని, రెంటినీ క్లాంపుతో కలిపి డ్రిల్ చేయండి. విప్పి, బర్ర్ తీసి, మళ్లీ కలపండి. పది చిల్లుల్లోనూ ఒకే మేకు ఒకే బిగువుతో దూరుతుందో లేదో చూడండి. మొదటి రోజు మూడో నాలుగో కుదురుతాయి. పదికి పది కుదిరిన రోజు రివిట్ చేతికి తీసుకోవచ్చు.